గోడకూ కంచెకూ మధ్య

చార్జింగు పెట్టెలు దిగిన రోజు నుంచి వదిన సాయంత్రాలు ఇంట్లో ఉండడం మానేసింది. ఎండ కాస్త తగ్గగానే ముఖం కడుక్కుని, ఉతికిన తెల్లచీర కట్టుకుని, కర్ర పట్టుకుని హైవే వైపు నడిచేది. నౌపడ నుంచి వచ్చే దారి హైవేలో కలిసే చోటుకు కొంచెం ఇవతల, మా సంఘం సమాధుల తోటను ఆనుకుని, కరెంటు కార్లకు చార్జింగు స్టేషను కడుతున్నారు. రెండువేల పద్దెనిమిది వేసవిలో పని మొదలైంది. మా ఇంట్లో కారు లేదు. మా ఊళ్ళో ఎవరికీ కరెంటు కారు లేదు. అలాంటిది ఒకటి ఉంటుందని కూడా చాలామందికి అప్పటిదాకా తెలియదు. అయినా ఆ స్టేషను ఎప్పుడు తెరుస్తారా అని మా వదిన ఎదురుచూసినట్టు ఈ జిల్లాలో మరెవరూ ఎదురుచూసి ఉండరు.

ఆమె మా పెద్దన్న భార్య. అన్న పోయాక కొన్నేళ్ళకు నా భర్త కూడా ప్రభువునొద్దకు వెళ్ళిపోయారు. అప్పటినుంచి మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. నేను బడిలో టీచరుగా పనిచేసి విరమించుకున్నదాన్ని. ఆదివారం బడి పిల్లలకు వాక్యం చెప్పడం మాత్రం విరమించుకోలేదు. ఆ ఏడాది మొదట్లోనే వదిన గుండె బాగా బలహీనపడిందని శ్రీకాకుళంలో డాక్టరు చెప్పాడు. ఆ మాట విని ఆమె భయపడలేదు. తన చోటు గురించి ఆమెకు చింత లేదు. తోటలో మా అమ్మ పక్కన ఆమెకు జాగా ఉంది. ఆమె చింతంతా అన్న గురించే. అన్న తోట లోపల లేడు. గోడకు బయట, రోడ్డు వైపు ఒంటరిగా ఉన్నాడు.

"నాను లోపల పడుకుంటాను, ఆయన బయటే ఉంటాడు," అనేది. "నానున్నన్నాళ్ళూ ఎల్తన్నాను, కూకుంటన్నాను. నా తరవాత ఆయన కాడ ఎవులు ఆగుతారే?"

అన్న గోడకు బయట ఎందుకున్నాడో చెప్పాలి.

అన్న ఉప్పుమళ్ళలో మేస్త్రీ. వదిన పుట్టింటివారు వరి పండించే రైతులు, హిందువులు. పెళ్ళికి ముందే వదిన నమ్మి బాప్తిస్మం తీసుకుంది. ఒక ఏడు ఆమె పుట్టింటి ఊళ్ళో అమ్మవారి సంబరం జరుగుతుంటే, అన్న ఆమెను ఇంటికి తీసుకురావడానికి వెళ్ళాడు. ఆమె తండ్రి తలమీద ఘటం పెట్టుకుని ఊరేగింపులో నడుస్తున్నాడు. పెద్ద వయసు, చూపు సరిగా లేదు. మధ్యలో కరెంటు పోయింది. అన్న ఎవరి చేతిలోంచో పెట్రోమాక్సు దీపం అందుకుని మామగారి ముందు గుడిదాకా నడిచాడు. జరిగింది అంతే.

ఆ సంగతి మా ఊరికి తెలిసింది. విగ్రహం ముందు దీపం పట్టినవాడు సంఘం ముందు నిలబడి పశ్చాత్తాపపడాలని పెద్దలు అడిగారు. వాళ్ళు కఠినులు కారు. తమకు అందిన వాక్యాన్ని బట్టి నడిచినవాళ్ళు, మంద విషయంలో దేవునికి లెక్క అప్పగించవలసిన భయం ఉన్నవాళ్ళు. అన్న కూడా మొండివాడు కాడు. లేచి నిలబడ్డాడు. "ముసలోడు గోతిలో పడిపోతాడని దీపం పట్టినాను. పట్టినానని ఒప్పుకుంటాను. అది పాపమని మాత్రం నా నోట రాదు," అన్నాడు.

అతన్ని క్రమశిక్షణ కింద పెట్టారు. అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లలో చేయి వెయ్యకూడదు. అన్న మానకుండా ప్రతి ఆదివారమూ వచ్చి చివరి బెంచీ మీద కూర్చునేవాడు. రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు తీసుకోకుండా పక్కవాడికి అందించేవాడు. అలా ఏళ్ళు గడిచాయి. ఒక మే నెలలో ఉప్పుమళ్ళ గట్టుమీద ఎండదెబ్బకు పడిపోయి, ఇంటికి మోసుకొచ్చేలోపు పోయాడు. క్రమశిక్షణలో ఉన్నవాడికి తోట లోపల చోటివ్వడం మా సంఘంలో లేదు. గోడకు బయట తవ్వారు. అప్పటి పాస్టరుగారు దయగలవారు, ప్రార్థన చేశారు. కాని గోడకు లోపలి వైపు నిలబడి చేశారు. ఆయన స్వరం మాత్రం గోడ దాటి వచ్చింది.

సిలువ పెట్టడానికి వీల్లేదు. వదిన ఉప్పుకూలీల చేత గట్టుమీది రాయొకటి తెప్పించి తలవైపు పాతించింది. పునరుత్థాన పండుగకు మా వాళ్ళు తోటలో సమాధులన్నిటికీ సున్నం వేస్తారు. పండుగనాడు ఇంకా వెలుగు రాకముందే వెళ్ళి, పువ్వులు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, లేచిన ప్రభువు పాటలు పాడతాం. లోపల మిగిలిన సున్నం వదిన బొక్కెనలో పట్టుకెళ్ళి బయట రాయికి వేసేది. ఏ ఏడూ మానలేదు. పేరు లేదు, సిలువ లేదు. రోడ్డుపక్కన మోకాలెత్తు తెల్లరాయి ఒకటి ఉండేది, అంతే.

ఇక్కడ నేను చెప్పడానికి జంకే సంగతి ఒకటి ఉంది. అన్న బతికున్న రోజుల్లో పొద్దుగూకే వేళకు పనినుంచి వచ్చి, గడపలో అడుగు పెట్టేముందు కాళ్ళకంటిన ఉప్పు రాలడానికి మెట్టుమీద రెండుసార్లు కాళ్ళు తపతప కొట్టేవాడు. పోయిన తరవాత కూడా ఆ చప్పుడు వినిపిస్తుందని వదిన అనేది. దీపం పెట్టే వేళకు మెట్టుమీద చప్పుడవుతుందట. ఆ తరవాత ఆయన గొంతు వస్తుందట. ఏమంటాడని అడిగితే ఎప్పుడూ ఒకటే చెప్పేది.

"ఎవులైనా ఆగినారేటే, అని అడుగుతాడు."

నాకు లేఖనం తెలుసు. నిద్రించినవారు కడబూర మోగేదాకా నిద్రిస్తారు. పొద్దుగూకాక ఇంటి మెట్టెక్కరు. చనిపోయిన ప్రవక్తను మంత్రగత్తె చేత పైకి రప్పించుకున్న రాజు గతి ఏమైందో పిల్లలకు చెప్పేది నేనే. ఈ మాట వదినతో ఎన్నోసార్లు అన్నాను.

"నాను రప్పించినానేటి?" అనేది ఆమె. "ఆయనే వస్తన్నాడు. నీ రాజుకీ నాకూ పొంతనేటి? సెప్పు టీచరమ్మా."

నేను ప్రార్థన చేసేదాన్ని. ప్రార్థన చేస్తూనే చెవి మెట్టువైపు పెట్టుకుని ఉన్నానని నాకు తెలుస్తూ ఉండేది.

నాలుగు వరసల రోడ్డు వేశాక ఆ చోటు మరీ ఒంటరిదైంది. పూర్వం సైకిళ్ళమీద వెళ్ళేవాళ్ళు, తలమీద చేపల గంపలతో సముద్రం వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళు ఆ రాయి దగ్గర కాస్త నిలబడేవారు. గంప దించుకుని, రాయికి ఆనుకుని తమలపాకు నమిలేవారు. రోడ్డు వెడల్పయ్యాక ఎవరూ నిలబడరు. లారీలు, కార్లు గాలిలా పోతాయి. వాటి గాలికి రాయి చుట్టూ ఇసుక లేచి మళ్ళీ అక్కడే పడుతుంది.

స్టేషను కోసం కొలతలు తీయడానికి వచ్చినప్పుడు సర్వేవాళ్ళొక పొరపాటు చేశారు. సున్నం వేసిన ఆ రాయిని చూసి హద్దురాయి అనుకున్నారు. ఏటేటా సున్నం పడే రాయి సర్కారుది కాక మరెవరిదవుతుంది? దానిమీద టేపు పెట్టి అక్కడినుంచి కొలిచారు. అప్పుడు మేమిద్దరం దూరంనుంచి చూస్తున్నాం. నేను వెళ్ళి చెబుదామని కదిలితే వదిన నా కొంగు పట్టుకుంది.

"ఉండు. కొలవనీ."

ఆ కొలత ప్రకారం స్టేషను మూలలో, కంచెకు లోపల, అన్న రాయి వచ్చింది.

పని చూడడానికి బొబ్బిలి వైపునుంచి ఒక సూపర్‌వైజరు వచ్చాడు. నడివయసు మనిషి, ఇద్దరాడపిల్లల తండ్రి. రేకులషెడ్డులో ఉండి తన వంట తనే వండుకునేవాడు. వదిన రోజూ వచ్చి పునాది అరుగుమీద కూర్చోవడం చూసి మొదట్లో విసుక్కున్నాడు. తరవాత అలవాటుపడ్డాడు.

"పెద్దమ్మా, నీకు కారేది?" అన్నాడొకరోజు. "ముందు బండి కొనుక్కో. అప్పుడు సార్జింగు నానే పెడతాను."

"కారెందుకు బాబూ. నాకే పెట్టు. మోకాళ్ళు రెండూ డౌనయిపోనాయి."

అతను నవ్వాడు. వదిన నవ్వలేదు. ఆమె అడగదలచుకున్నది వేరే ఉంది. "ఒక బండి వచ్చినాదనుకో. అదెంతసేపు ఆగుతాది?"

అతను అది స్టేషనుమీద నింద అనుకున్నాడు కాబోలు, సంజాయిషీ చెప్పినట్టు చెప్పాడు. "ఫాస్ట్ సార్జింగని పేరే గానీ పెద్దమ్మా, గంటైనా పడతాది. బండి పాతదైతే ఇంకా ఎక్కువ. రెండు బళ్ళొస్తే ఒకడి కోసం ఒకడు కూకోవాల."

"పెట్రోలు బంకులోలాగ బేగి ఎల్లిపోరు కదా?"

"ఎల్లడానికి నేదు. తీగ తగిలించి ఉంటాది గదా. ఎల్లమన్నా ఎల్లనేరు."

ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు వదిన కర్ర చంకలో పెట్టుకుని నడిచింది. దారి పొడుగునా ఒకటే మాట. మనుషులు గంటసేపు దిగి నిలబడతారు. పిల్లలుంటారు. టిఫిన్ విప్పుకుని తింటారు. ఇంట్లో సంగతులు మాట్లాడుకుంటారు. రోజూ ఎవరో ఒకరు. తాను పోయిన తరవాత కూడా.

"ఆయనకి మనుసులంటే ఇష్టం," అంది. "నీకు తెల్దేటి. బజారుకి ఉల్లిపాయలకి పంపితే రాత్రికొచ్చీవోడు."

వాక్యంలో ఒక తల్లి ఉంది. ఉరితీయబడిన తన కొడుకుల దేహాల దగ్గర బండమీద గోనెపట్ట పరచుకుని, పగలు పక్షులనూ రాత్రి మృగాలనూ దగ్గరికి రానివ్వకుండా కోతకాలం మొదలు వానలు కురిసేదాకా కూర్చుంది. రాజుకు ఆ సంగతి తెలిశాకే వాళ్ళ ఎముకలకు సమాధి దొరికింది. ఆ భాగం పిల్లలకు చెప్పేటప్పుడు నేను తొందరగా దాటవేసేదాన్ని. వదిన అరుగుమీద కూర్చోవడం చూశాక దాన్ని మళ్ళీ చదివాను. ఆ తల్లి మాట ఒక్కటి కూడా అక్కడ రాసి లేదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటిచ్చి పరీక్ష చేశారు. పెట్టెలమీది ప్లాస్టిక్కు తీయలేదు. లోపలినుంచి తెరలు వెలిగితే ఆ ప్లాస్టిక్కు నీలంగా, ఊపిరి ఉన్నదానిలా ఉబ్బుతూ తగ్గుతూ కనిపించింది. పైన దీపాలు వెలిగాయి. ఆ వెలుగు తోటలోకి పోయి, లోపలి సిలువల నీడలు అవతలి గోడమీద పొడుగ్గా నిలబడ్డాయి. మా అమ్మ సిలువ నీడ, నా భర్త సిలువ నీడ. బయట రాయికి ఉన్నది పొట్టి నీడ. ట్రాన్స్‌ఫార్మరు మోత మొదలైంది. ఆరాధన మొదలయ్యే ముందు సంఘమంతా తలలు వంచి లోలోపల గొణుక్కుంటే గుడిలో ఎలా ఉంటుందో ఆ మోత అలా ఉంది.

"ఇనపడతాందా?" అంది వదిన.

"ఏమిటి?"

"నీకు ఇనపడతాందా, నేదా? అది సెప్పు."

వినబడుతోంది కరెంటు మోతేనని చెప్పాను. ఆమె తల తిప్పుకుంది. కాసేపటికి దీపాలు ఆరిపోయాయి. అంతా పూర్వంకంటె చీకటిగా అయింది. వచ్చే నెల తెరుస్తామన్నాడు సూపర్‌వైజరు.

మరుసటి నెలలో తుపాను వచ్చింది. మా వైపు కొబ్బరితోటలు, జీడితోటలు ఏమైపోయాయో ఇక్కడ రాయను. అప్పుడు ఇక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. స్తంభాలు వరసగా పడిపోయాయి. చాలా రోజులు కరెంటు లేదు. పొద్దుగూకితే ఊరికి ఊరు మాయమయ్యేది. అలాంటి ఒక సాయంత్రం వదిన పడుకుని ఉంది. నేను కిరసనాయిలు దీపానికి వత్తి సరిచేస్తున్నాను. మెట్టుమీద రెండుసార్లు చప్పుడైంది.

వదిన కళ్ళు తెరిచి నా వైపు చూసింది. ఈసారి నువ్వు విన్నావు అన్నట్టు చూసింది, అంతే. నేను దీపం పట్టుకుని వెళ్ళి తలుపు తీశాను. బయట ఎవరూ లేరు. కుక్క కూడా లేదు. మెట్టుమీద రెండుచోట్ల తడి ఉంది. వాన వెలిసి ఎంతోసేపు కాలేదు. వాన తడే కావచ్చు. వేలు తడిచేసి నాలుకమీద పెట్టుకుంటే ఉప్పో కాదో తెలిసిపోయేది. వేలు తడిచేశాను. నాలుకమీద పెట్టుకోలేకపోయాను. చీర అంచుకు తుడుచుకుని లోపలికి వచ్చి తలుపు వేసేశాను. ఆ రాత్రి నా ప్రార్థనలో మాటలు కుదరలేదు.

తుపానుకు స్టేషను పక్కన పెద్ద సరుగుడు చెట్టొకటి కూలింది. దాన్ని కోసి తీయించేటప్పుడు వేళ్ళ కింద, గుర్తు చెక్కిన రాయి బయటపడింది. అసలు హద్దురాయి అదే. సూపర్‌వైజరు సర్వేవాళ్ళను మళ్ళీ పిలిపించాడు. వాళ్ళు ఊరి పటం తెచ్చి కొలిచారు. తెల్లరాయి నుంచి కొలిచిన కొలత తప్పని తేలింది. కంచె అవతలికి జరపాలి. జరిపితే అన్న మళ్ళీ బయటికి వస్తాడు.

ఆ మాట నేనే వదినకు చెప్పవలసి వచ్చింది. ఆమె వింటూ కూర్చుంది. తరవాత నడిచి వెళ్ళి సూపర్‌వైజరు ఎదురుగా నిలబడింది.

"ఆ రాయి మా ఇంటాయనది. అక్కడున్నాడు," అంది.

అతనికి అప్పటిదాకా తెలియదు. రాయివైపు చూశాడు, ఆమెవైపు చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పేశాడు. "ముందే సెప్పనేదేం పెద్దమ్మా. ఆ మూల కూలోళ్ళు చెత్త కాల్సినారు. నాను కూడా…" అని ఆగిపోయాడు.

"పర్లేదు. మనుసులు తిరిగితేనే ఆయనకిష్టం. కంచె జరపకు బాబూ."

"నా సేతిలో నేదు. పటం పైకెల్లిపోనాది. జరపకపోతే బిల్లు రాదు, నా ఉద్యోగం ఉండదు." అలా చెప్పి, కంచె పడబోయే చోటుదాకా అడుగులు వేసి చూసి, "కంచె ఎంతో దూరం పోదు. బండి ఆగితే ఈ రాయి కాడికి నాలుగడుగులే," అన్నాడు.

కంచె జరిగింది. ఇటు తోట గోడ, అటు ఇనప కంచె, మధ్యలో సన్నటి జాగా. ఆ జాగాలో అన్న. రెండింటిలో దేనికీ చెందలేదు. నేను చూడలేక మా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఈయన వేరు, ఈ మధ్య వచ్చిన చిన్నవాడు. గోడను ఆ కాస్తా జరిపి కలుపుకోలేమా అని అడిగాను. ఆయన నాతో వచ్చి, చూసి, రాయి దగ్గర మోకరించి ప్రార్థన చేశారు. ఈసారి బయటే. ఆ నేల రోడ్లవాళ్ళదని, పెద్దలతో మాట్లాడతానని చెప్పి వెళ్ళారు.

ఈ సంగతి వదినకు చెబితే ఆమెకు పెద్దగా పట్టలేదు. "గోడ జరిపితే మాత్రం ఎవులొస్తారే? లోపలున్నోళ్ళ కాడికే ఏడాదికోసారి వస్తారు. నాకు గోడక్కర్నేదు. బళ్ళు కావాల," అంది.

ఆ తరవాత ఎదురుచూపు ఇంకా బరువైంది. తుపానుకు పాడైన ట్రాన్స్‌ఫార్మరు మార్చాలన్నారు. మార్చేసరికి కొత్త సంవత్సరం వచ్చింది. ఎన్నికల కోడ్ వచ్చిందని బోర్డుకు గుడ్డ కప్పారు. పునరుత్థాన పండుగకు వదిన సున్నం వేయలేకపోయింది. నేను వేశాను. ఎన్నికలయ్యాక, ఎవరి చేత రిబ్బను కత్తిరించాలో తేలలేదన్నారు. కరెంటు వచ్చింది, పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. పొద్దుగూకితే దీపాలు వెలిగేవి. ఆ వెలుగులో ఎవరూ ఉండరు. గేటుకు గొలుసు. మోత మాత్రం ఆగదు. సూపర్‌వైజరు షెడ్డులో ఒక్కడే అన్నం తింటూ ఉండేవాడు. వదిన ఆయాసం ఎక్కువై ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టింది. డాక్టరు తిరగొద్దన్నాడు.

"తెరిసిన రోజు సూసి మానేస్తానని సెప్పు డాక్టరుకి," అంది.

జూలైలో ఒక సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, శ్రీకాకుళం వైపునుంచి తెల్ల కారొకటి చప్పుడు లేకుండా వచ్చి గేటు ముందు ఆగింది. నేను ముందు దాన్ని చూడలేదు. చప్పుడు లేకపోవడం వల్ల అది అక్కడే మొదటినుంచి ఉన్నట్టు అనిపించింది. ఒకాయన దిగాడు. లోపల భార్య ఉంది. బరంపురం వెళుతున్నారు. స్టేషను ఫోనులో కనిపిస్తోందట, అది నమ్ముకుని వచ్చారు. చార్జి అడుగంటింది.

సూపర్‌వైజరు చేతులు జోడించాడు. "ఇంకా ఓపెనింగు అవనేదు సార్. తెరిస్తే నా మీదకొస్తాది. టెక్కలి దాకా ఎలాగైనా ఎల్లిపోండి, అక్కడ లాడ్జిలో మామూలు ప్లగ్గు ఇస్తారు."

ఆయన గొణుక్కుంటూ కారు తలుపు తీశాడు. అప్పుడు వదిన అరుగుమీదనుంచి లేచింది. కర్ర అక్కడే వదిలేసి గేటు దగ్గరికి వచ్చి గొలుసు రెండు చేతులా పట్టుకుంది. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. నేను పట్టుకోబోతే విదిలించుకుంది.

"ఎల్లనీకు బాబూ," అంది సూపర్‌వైజరుతో. గొంతు పైకి లేవలేదు. "ఏడాదిబట్టి సూస్తన్నాను. మళ్ళా బండి ఎప్పుడొస్తాదో, నానుంటానో ఉండనో. నీకు పున్నెముంటాది. ఎల్లనీకు."

అతను ఆమెను చూశాడు, రోడ్డు చూశాడు. "పెద్దమ్మా, రిబ్బను కట్టకముందే తెరిసినానంటే…"

"రిబ్బను నా సీరంచు సింపి కడతాను. కత్తిరించు."

అతను తాళంచెవి తీశాడు. గొలుసు జారి కింద పడింది. పెట్టె మీది ప్లాస్టిక్కు చించి, తన దగ్గరున్న పరీక్ష కార్డు ఆనించి, లావుపాటి తీగ కారుకు తగిలించాడు. తెర వెలిగింది. ట్రాన్స్‌ఫార్మరు మోత ఒక్కసారి బరువెక్కింది. సమాధుల తోటవైపు గోడమీద కూర్చున్న కాకులు లేచిపోయాయి.

"ఎంతసేపు పడుతుంది?" అని ఆయన విసుగ్గా అడిగాడు.

"గంటన్నర అనుకోండి సార్. కొత్త మిషను గదా, నెమ్మదిగా ఎక్కిస్తాది."

వదిన ముఖం చూశాను. ప్రభువు బల్ల దగ్గర కొందరి ముఖాల్లో మాత్రమే అలాంటిది చూశాను. నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. ఏడాదిగా ఆమె దేనికోసం ప్రాణం పట్టుకుని ఉందో ఇప్పుడది అందింది.

స్టేషనులో కూర్చోవడానికి కుర్చీలు వేయలేదు. నేల మీదనుంచి ఇంకా వేడి కొడుతోంది. ఆయన ఫోనులో మాట్లాడుకుంటూ కారు చుట్టూ తిరిగాడు. ఆయన భార్య కాళ్ళు చాపుకోవడానికి దిగి, కంచె చివరిదాకా నడిచి, అవతల గోడ నీడ చూసి అటు వెళ్ళింది. తెల్లరాయి కనిపించింది. కొంగుతో దుమ్ము దులిపి, దానిమీద కూర్చుంది.

నా కాళ్ళు కదిలాయి. అది సమాధి అని చెప్పాలి కదా, తెలియక కూర్చుంది. వదిన నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఎక్కడిదో తెలియదు. నన్ను ఊతగా చేసుకుని ఆవిడ దగ్గరికి నడిచింది. నేలమీద, రాయి పక్కనే చతికిలబడింది.

"అయ్యో, మీరు రాయిమీద కూర్చోండి పెద్దమ్మా," అని ఆవిడ లేవబోయింది.

"కూకోండి, కూకోండి. ఎక్కడికెల్తన్నారమ్మా?"

బరంపురంలో తమ అక్కగారింటికని, అక్క కూతురికి పురుడు వచ్చిందని ఆవిడ చెప్పింది. ఆడపిల్లట. రోడ్డుమీద లారీ వెళితే మాట కొంచెం మునిగిపోయింది.

"గట్టిగా సెప్పండమ్మా," అంది వదిన.

వదినకు చెవులు చక్కగా వినిపిస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకు తెలియదు. పాపం ముసలామెకు చెవుడు అనుకుని ముందుకు వంగింది. పుట్టినపిల్ల బరువు సరిపోలేదని, అయినా బాగా ఏడుస్తోందని, ఎవరి పోలిక వచ్చిందో చూస్తేగాని తెలియదని గొంతు పెంచి చెప్పసాగింది. వదిన తల ఊపుతూ, రాయి పక్కన ఇసుకమీద అరచెయ్యి ఆనించి, ఆగినప్పుడల్లా తరవాతేమైందని అడిగింది. కారుకు ఇంకా ఎక్కవలసింది చాలా ఉంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ ఇద్దరి మాటల కిందనుంచి మోత వస్తూనే ఉంది. కరెంటుదే అని నాకు నేను చెప్పుకోలేదు, కాదని కూడా చెప్పుకోలేదు. వింటూ ఉన్నాను.